మైకు అక్కర్లేని మేనేజరు

ఆ ఉదయం అతను వేసుకున్న పథకం చిన్నదే. టిఫిను తినేలోపు ఉపన్యాసాన్ని ఒకసారి ఇంట్లో వినిపించడం, ఆఫీసుకి వెళ్ళి అదే అప్పజెప్పడం, సాయంత్రానికి ఉద్యోగం పర్మనెంటు చేయించుకోవడం. మొదటి మెట్టు మీదే అత్తగారు కునుకు తీసింది.

"అత్తయ్యగారూ, ఇంకా రెండో నిబంధన దగ్గరే ఉన్నాను."

"వింటున్నా అల్లుడుగారూ, వింటున్నా. మీరు చదవడం మొదలెడితే నాకు నిద్రమాత్రతో పని లేదు. ఏం గొంతండీ మీది!"

వంటగదిలో భార్య కిసుక్కుమంది. అందులో వింతేమీ లేదు, ఆఫీసంతా ఎప్పటినుంచో నవ్వుతూనే ఉంది. అతను ఒక రంగుల కంపెనీ ఆఫీసులో సేఫ్టీ ఆఫీసరు. ఏళ్ళ తరబడి టెంపరరీ. నెలకోసారి అగ్నిప్రమాద నిబంధనలు చదువుతాడు, వినేవాళ్ళు నిద్రపోతారు. అందుకని జోలపాట అని పేరు పెట్టారు. మనిషిని పర్మనెంటు చేయడానికి చేతులు రాని చోట, పేర్లు పెట్టడానికి మాత్రం అందరికీ తీరికే.

ఈమధ్య మేనేజరు ఏదో శిక్షణ తరగతికి వెళ్ళొచ్చాడు. వెళ్ళినవాడు ఊరుకోలేదు. ఇకమీదట ఆఫీసులో ఎవరు ఏం చెప్పినా కథలాగే చెప్పాలని హుకుం జారీ చేశాడు. జోలపాటను పిలిచి, "ఏమయ్యా, ఈసారి కాగితం కనపడకూడదు. జనాన్ని మేలుకొలిపావా, పర్మనెంటు. ఒక్కడు ఆవులించాడా, నీ దారి నువ్వు చూసుకో," అని తేల్చేశాడు.

సంగతి విని అత్తగారు నిటారుగా కూర్చుంది. "అయితే ఆ కాగితం పొయ్యిలో పెట్టండి. ఎక్కడో కొంప అంటుకుందంటే ఎవడొస్తాడండీ? పక్కింటికి అంటుకుందంటే చెప్పులు కూడా వేసుకోకుండా వస్తారు. అనగా అనగా అంటూ మొదలెట్టకండి. సగంలోంచి అందుకోండి. వాళ్ళ గదిలోనే పొగ లేచినట్టు చెప్పండి."

ఆవిడ ప్రతిభకు సాక్ష్యం ఉంది. ఆవిడ చెప్పిన దయ్యం కథ విని ఎదురింటివాళ్ళు సామాను సగం వదిలేసి ఇల్లు ఖాళీ చేశారు. జోలపాట కాగితాన్ని మడిచి చెత్తబుట్టలో పడేశాడు. జీవితంలో మొదటిసారి ఛాతీ విరుచుకుని ఆఫీసుకి నడిచాడు.

సమావేశం కింది అంతస్తు హాల్లో. సగం మంది హాల్లో కూర్చున్నారు, మిగతావాళ్ళు పై అంతస్తుల్లో పని చూసుకుంటున్నారు. హాల్లో మైకు ఆన్ చేస్తే ప్రతి గదిలోనూ స్పీకరు మోగుతుంది. మేనేజరు మాత్రం మైకు ముట్టుకోడు. తన గొంతుకి అది అవమానమని ఆయన నమ్మకం.

"ఇప్పుడు మన సేఫ్టీ ఆఫీసరు ఒక కథ చెప్తాడు. కథే సుమా!" అని ఉత్తి గొంతుతో అరిచి కూర్చున్నాడు. ఆ ముక్క హాలు గోడలు దాటలేదు.

జోలపాట మైకు ఆన్ చేశాడు. సగంలోంచి అందుకున్నాడు.

"మూడో అంతస్తు! అకౌంట్స్ గది తలుపు కిందనుంచి పొగ వస్తోంది!"

మూడో అంతస్తు అకౌంట్స్ గదిలో అందరూ తలుపు కిందకి చూశారు.

"నాకు వాసన కూడా వస్తోందే!" అంది పెద్ద అకౌంటెంటు. చెప్పాక వాసన రాని ముక్కు ఎక్కడుంటుంది?

"లిఫ్టు ఎక్కకండి! వెనక మెట్లు! వెనక మెట్లు!" అని స్పీకరు కేక పెట్టింది. అంతే, మూడో అంతస్తు వెనక మెట్ల మీద పడింది. ఆ అడుగుల చప్పుడుకి రెండో అంతస్తు కూడా లేచింది.

హాల్లో కూర్చున్నవాళ్ళకి కిటికీ అద్దాల్లోంచి పరుగెత్తే జనం కనిపించారు. "అబ్బ, ఎంత ఏర్పాటు చేశాడు! మనుషుల్ని కూడా పెట్టాడు!" అని చప్పట్లు కొట్టారు. మేనేజరు మీసం దువ్వుకున్నాడు. ఇన్నేళ్ళలో చప్పట్లు ఎరగని జోలపాట కథలోకి కాస్త గాలి కూడా తోలాడు.

"గాలి తిరిగింది! మంట క్యాంటీన్ వైపు వస్తోంది!"

పక్కనే క్యాంటీన్లో వంటమనిషి గ్యాసు కట్టేసి, ఎందుకైనా మంచిదని కాలుతున్న పెనం మీద బకెట్టెడు నీళ్ళు కుమ్మరించాడు. భుగభుగమని లేచిన ఆవిరి తలుపు సందుల్లోంచి హాల్లోకి వచ్చింది.

"చూశారా, పొగ కూడా తెప్పించాడు," అన్నాడు ముందు వరసలో ఒకడు. వెనక వరస దగ్గింది. ఆ దగ్గుతో కథ కాస్తా వార్త అయిపోయింది. అందరికన్నా ముందు బయటపడ్డది మేనేజరే. ఒక బూటు హాల్లోనే ఉండిపోయింది.

జోలపాట కళ్ళు మూసుకుని ముగింపు చెబుతున్నాడు. "ఆ విధంగా అందరూ క్షేమంగా బయటపడ్డారు!" కళ్ళు తెరిచాడు. కుర్చీలు తప్ప ఎవరూ లేరు. ఒక్కడు కూడా ఆవులించలేదు మరి.

బయటికి వచ్చేసరికి ఫైరింజను గంట కొడుతూ గేటు దాటి లోపలికి వస్తోంది. ఎవడో ఫోన్ చేశాడు.

"మంట ఎక్కడ?" అన్నాడు ఫైరాఫీసరు దిగుతూనే.

మేనేజరు ఒంటి బూటు మీద కుంటుతూ వచ్చాడు. "మంటా లేదు, మన్నూ లేదు సార్! అంతా వీడి నిర్వాకం. ఏమయ్యా, కొంప ముంచావు కదయ్యా! ఈ క్షణంతో నీ ఉద్యోగం..."

"ఆగండి," అన్నాడు ఫైరాఫీసరు. వెనక మెట్ల కిందున్న అత్యవసర ద్వారం ముందు తాళం ముక్కలై పడి ఉంది. బల్లతో బాది పగలగొట్టారు. "ఈ తలుపుకి తాళం వేయించిందెవరు?"

జనమంతా మేనేజరు వైపు చూశారు. పని వేళల్లో ఎవరూ అటునుంచి జారుకోకుండా తాళం వేయించింది ఆయనే. వేయించి, తాళంచెవి జేబులో పెట్టుకు తిరుగుతున్నదీ ఆయనే.

"నిజంగా మంట లేస్తే వీళ్ళ గతేంటి? మీ మీద కేసు పెట్టాల్సిందే."

మేనేజరు అక్కడికక్కడే ఒక కథ అల్లాడు. శిక్షణ తరగతి వృథా పోలేదు. "కేసెందుకు సార్? ఇది మాక్ డ్రిల్లు! తాళం వేసి ఉంటే మావాళ్ళు ఏం చేస్తారో చూద్దామని ఈ ఒక్కరోజుకీ వేయించాం. అందులో భాగమే!"

ఫైరాఫీసరు తుప్పు పట్టిన తాళాన్ని బూటుతో పక్కకి నెట్టాడు. "ఓహో. డ్రిల్లు జరిపించిందెవరు?"

"మా సేఫ్టీ ఆఫీసరు సార్. బంగారంలాంటి మనిషి."

"నేను టెంపరరీ సార్," అన్నాడు జోలపాట. ఇంతవరకూ అతన్నెవరూ ఏమీ అడగలేదు.

"టెంపరరీ మనిషి చేత డ్రిల్లా? అలాగైతే అది డ్రిల్లు కిందకి రాదు. తాళం కేసే."

"పరాచికాలాడుతున్నాడు సార్, పర్మనెంటే! ఇవాళ్టినుంచే! ఏమయ్యా, చెప్పవేం?" మేనేజరు నుదురు తుడుచుకున్నాడు.

"ఆర్డరు చూపించండి."

ఆర్డరు ఫైరింజను బానెట్ మీద పెట్టి రాశారు. మేనేజరు సంతకం చేసేదాకా ఫైరాఫీసరు పక్కనే నిలబడి, నకలు జేబులో పెట్టుకుని మరీ వెళ్ళాడు.

అందరూ నమ్మిన కథకి జోలపాట ఉద్యోగం ఊడబోయింది. ఒక్కడూ నమ్మని కథకి పర్మనెంటు అయింది.