కాటా మీద కుదరని బరువు

ఆ ఉదయం ఆరింటికి భార్యను వెనక కూర్చోబెట్టుకుని సముద్రానికి బయల్దేరాలని కాటాగారి ఏర్పాటు. తూనికల శాఖలో ముప్పై ఏళ్లు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి కాబట్టి వీధంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. సముద్రం చూపిస్తానని పెళ్లయిన కొత్తలో మాటిచ్చారు. ఆ మాట కోసమే, దూరప్రయాణాలకని చేసిన మూడున్నర క్వింటాళ్ల మోటారుసైకిలు ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నారు. కొన్నారే గానీ, అది ఒరిగితే పడకుండా ఆపగలనా అని ఆలోచించలేదు, పాపం.

వీధి మలుపులోనే బండి నింపాదిగా ఒరిగి టైలరు కొట్టు ముందు పడుకుంది. లేపడానికి నలుగురు కావలసివచ్చింది. పెద్ద రోడ్డెక్కాక మరీ అన్యాయం. వేగం అరవై దాటగానే హ్యాండిలు చలిజ్వరం వచ్చినట్టు వణికింది. వెనక కూర్చున్న ఇల్లాలు మాత్రం ఈ వణుకేమీ ఎరగకుండా, గాలి హాయిగా ఉందని మురిసిపోయింది. కాటాగారు చల్లగా బండి వెనక్కి తిప్పారు.

ఇంటికొచ్చి కాటా తెచ్చి వీధివాకిట్లో పెట్టారు. బండికి అటూ ఇటూ తగిలించిన సామాను పెట్టెలు రెండూ తూచి, ఒక జత మేజోళ్లు అటునుంచి ఇటు మార్చి, గ్రాము తేడా లేకుండా సరిచేశారు. మళ్లీ ఇద్దరూ పెద్ద రోడ్డుదాకా వెళ్లొచ్చినా బండి వణుకు తగ్గలేదు. అప్పుడాయన చూపు భార్య మీద పడింది.

"నువ్వూ ఒకసారి ఎక్కు. తేలిపోతుంది."

ఆవిడ చెప్పులు విప్పి ఎక్కింది. సర్వీసులో ఉన్నప్పుడు, సాక్షులకు వినపడేలా అంకె పైకి చదవడం ఆయన డ్యూటీ. అలవాటు ఎక్కడికి పోతుంది?

"డెబ్బై ఎనిమిది కిలోల నాలుగు వందలు!"

టైలరు మిషను ఆపాడు. బట్టలారేస్తున్న పక్కింటావిడ క్లిప్పు నోట్లోనే ఉంచుకుని చూసింది. కాటాగారు నాలుక కరుచుకునేలోగా ఇల్లాలు దిగి, చెప్పులేసుకుని, బ్యాగు పట్టుకుని తొమ్మిది గంటల బస్సెక్కి సముద్రానికి వెళ్లిపోయింది.

తర్వాత వచ్చిన మెకానిక్ వెనక టైరు బొటనవేలితో నొక్కాడు. "గాలి ఎప్పుడు కొట్టించారు సార్? సగమే ఉంది. ఊగక ఏం చేస్తుంది? అమ్మగారి బరువుదేం లేదు, ఇద్దరికీ సరిపడా చేసిన బండే ఇది."

మేజోళ్లు తూచిన మనిషికి గాలి సంగతి తట్టనేలేదు.

గాలి కొట్టించి ఒంటరిగా బయల్దేరారు. ఈసారి హ్యాండిలు కదల్లేదు. కదిలినా బాగుండేది, ధ్యాస దాని మీద ఉండేది. దారి పొడుగునా తన గొంతే ఆ అంకెను చదువుతూ వినపడింది. ముప్పై ఏళ్లు ఎదురుచూసిన మనిషిని నడివీధిలో తూచానే అని ఆయన ప్రాణం ఉసూరుమంది.

ఇల్లాలు ఒడ్డున గట్టు మీద కూర్చుని ఉంది. పక్కన చేరి, తప్పు తనదేనని, గాలి చూసుకోలేదని గొణిగారు.

"నా బరువు వీధికంతా చెప్పారు. ఇది నా చెవిలో చెబుతున్నారా?"

కాటాగారు లేచి నిలబడి, ఒడ్డున ఉన్నవాళ్లంతా తిరిగి చూసేలా, గాలి చూసుకోని తప్పు తనదేనని ఇన్‌స్పెక్టరు గొంతుతో చదివారు. ఆవిడ చివరిదాకా విన్నది.

"సరే. కానీ తిరుగు బస్సులో సీటు చెప్పేసుకున్నాను. ఈ బ్యాగు మీరు పట్టుకురండి. తూచక్కర్లేదు."

బస్సు వెనకే ఆయన ఇంటిదాకా నడిపారు. బండి ఒక్కసారి కూడా ఊగలేదు.