ముగ్గు మాయమైన శుభలేఖ

“నరసన్నపేటలో నేరం చేసి నా కంటి నుంచి తప్పించుకున్నవాడు ఇంతవరకూ పుట్టలేదు, ఇకమీద పుట్టబోడు!” అని నడివేసవిలో నల్లటి వానకోటు బొత్తాలు పెట్టుకుంటూ నగరేశ్వరరావు ప్రకటించాడు.

నిజానికి ఆయన పరిశోధించిన నేరాలు రెండే. ఒకటి తన ఇత్తడి సామాన్ల కొట్లో పోయిన గొడుగు. వీధులన్నీ గాలించాక అది ఆయన చేతికే వేలాడుతూ దొరికింది. రెండోది పక్కింటి కోడిపుంజు. దాన్ని ఆ ఇంటివాళ్లే వండుకు తిన్నామని ఒప్పుకున్నా, నగరేశ్వరరావు దృష్టిలో ఆ కేసు ఇంకా మూతపడలేదు.

ఆ ప్రకటన వినవలసిన దురదృష్టం ఆయన చిన్ననాటి స్నేహితుడు జగన్నాధానిది. జగన్నాధం పిల్లలకు డ్రాయింగు చెప్పి రిటైరైన మాస్టారు. అయినవాళ్లలో ఎవరింట పెళ్లయినా శుభలేఖ మీద బొమ్మ ఆయనదే. ఒకరికి కలశం వేస్తాడు, ఒకరికి చిలకలు, పొలం పుట్రా ఉన్నవాళ్లకి వరికంకులు. ఈసారి పెళ్లి సొంత మేనకోడలు వరహాలుది. ఆ పిల్ల మాత్రం, “బొమ్మలొద్దు మావయ్యా. అత్త ముగ్గు ఎయ్యి,” అంది.

అత్త అంటే జగన్నాధం భార్య దాలమ్మ. ఆవిడ పోయి రెండేళ్లు. ఎప్పుడో వరహాలుకి నేర్పడానికి కాగితం మీద వేసిచ్చింది. ఆ పిల్ల నేర్చుకోలేదు కానీ, ఆ ముగ్గు ఒక్కటే మిగిలింది. జగన్నాధం ఆ కాగితాన్ని చెక్కకి అంటించి, గీతల వెంబడే ఉలితో తొలిచి బ్లాకు తయారుచేశాడు. చెక్క మీద రంగు పూసి అద్దితే గీతలు తెల్లగా మిగులుతాయి, అచ్చం వాకిట్లో పిండిముగ్గులా. కాగితం కాస్తా చెక్కపొట్టుతో కలిసిపోయింది.

అలాంటి బ్లాకుని వరహాలు తల్లి, తన చెల్లెలు జగ్గమ్మ ఇంటి కిటికీలో రాత్రి తనే పెట్టాడు, తెల్లారేసరికి లేదు. సాయంత్రంలోగా ప్రెస్సుకి చేరకపోతే శుభలేఖలు ముగ్గు లేకుండానే వెళ్తాయి. అది సరే. మళ్లీ గీద్దామంటే, చుక్కలు ఎక్కడ పెట్టాలో జగన్నాధానికి గుర్తుంది కానీ, గీత ఏ చుక్క దగ్గర మెలిక తిరిగేదో గుర్తులేదు. రోజూ చూసే వాకిలిని ఎవరు కంఠస్థం చేస్తారు?

“దాన్ని ఆఖరిసారి ప్రాణాలతో చూసిందెవరు?” అన్నాడు నగరేశ్వరరావు.

“చెక్కరా అది.”

“చెక్కలకీ శత్రువులుంటారు. చెదలు లేవూ? ఒరే జగన్నాధం, గుండె దిటవు చేసుకో. అది ముగ్గు కాదు. చుక్కలంటే రేవులు. గీతలంటే ఓడల దారులు. మన తూర్పు తీరం రహస్య పటం!”

“మా దాలమ్మ పక్కనున్న కళింగపట్నం రేవు కూడా చూడలేదురా.”

“చూడకుండానే గీసింది! ఎంత మేధావో!”

ఉదయం నుంచి జగన్నాధానికి నవ్వొచ్చింది ఆ ఒక్క మాటకే.

జగ్గమ్మ మజ్జిగ తెచ్చింది. “సావుకారూ, ఈ ఎండలో ఆ కోటేటి? సూస్తుంటేనే నాకు సెమట పడతన్నాది.”

“మారువేషం జగ్గమ్మా. నన్నెవరూ గుర్తుపట్టకూడదు.”

“మరి నానెలా గుర్తుపట్టాను?”

ఇంతలో ప్రెస్సు సోములు బ్లాకు కోసం గుమ్మంలోకి వచ్చాడు. నగరేశ్వరరావు ఒక్క గెంతు గెంతి అతని చెయ్యి పట్టుకున్నాడు.

“రక్తం! నెత్తురంటిన హస్తం!”

“సిరా బాబూ. మీ పెళ్లిపనికే కలిపినాను. ఇప్పుడు మీ సెయ్యీ ఎర్రగానే ఉన్నాది, సూసుకోండి.”

చూసుకున్నాడు. తనమీద తనకే ఒక క్షణం అనుమానం వచ్చినట్టుంది. చెయ్యి కోటుకి తుడుచుకుని, బావమరిది బంగారం కొట్లోంచి తెచ్చిన భూతద్దంతో కిటికీ కింద గచ్చుని పరీక్షించాడు.

“జిడ్డు మరకలు! ఇంజను నూనె! జలాంతర్గామి వచ్చి వెళ్లింది!”

“నరసన్నపేటకా?” అన్నాడు జగన్నాధం నీరసంగా.

“మరకలు వీధివైపు పోతున్నాయి. ఎవరూ కదలొద్దు!” అంటూ అద్దం కంటికి అంటించుకుని, చూపు మరకల మీదే నిలిపి, తను మాత్రం వెనక్కి వెనక్కి నడిచాడు. వెనక వంటింటి పక్క కొట్టుగది ఉంది. దానికో గడప ఉంది. గడపకి వానకోటు సంగతి తెలియదు.

దబ్బుమని వెల్లకిలా పడ్డాడు. పడుతూ చేతికందిన తెల్లగుడ్డని పట్టుకున్నాడు. పక్కనున్న మంచం మీద కప్పిన గుడ్డ అది. గుడ్డ ఆయనతోపాటే వచ్చేసింది.

మంచం నిండా కోవా బిళ్లలు. వరసలు వరసలుగా ఆరబెట్టి ఉన్నాయి. ప్రతి బిళ్ల మీదా దాలమ్మ ముగ్గు, చుక్కతో సహా, మెలికతో సహా.

జగన్నాధం గడప దగ్గరే ఆగిపోయాడు. అన్ని వాకిళ్లు ఒక్కసారి ఊడ్చి, చల్లి, ఆవిడే వచ్చి ముగ్గులు వేసి వెళ్లినట్టుంది.

చప్పుడుకి కూర్మమ్మ పరుగున వచ్చింది. జగ్గమ్మకి పెద్దత్త వరస, శుభలేఖలతో పంచే పిండివంటలకని నిన్న సాయంత్రమే శ్రీకూర్మం నుంచి దిగింది. ఆవిడ చేతిలో బ్లాకు, నెయ్యి ఓడుతూ.

“ఏటైంది? ఎవులు పడ్డారు?”

“పెద్దత్తా, ఆ సెక్క నీకెక్కడిది?” అంది జగ్గమ్మ.

“కిటికీలో ఉన్నాది. కోవా అద్దడానికి నువ్వే పెట్టినావనుకున్నాను. మా ఇంట్లోనూ ఇలాటి సెక్కే ఉన్నాది గానీ, ఇంత సక్కటి ముగ్గు లేదే! ఎవులు సెక్కినారో, సేతులు సల్లగుండ.”

నేలమీద నుంచి నగరేశ్వరరావు గొంతు గంభీరంగా వినిపించింది. “నేను అనుకున్నట్టే జరిగింది. సాక్ష్యాన్ని కప్పిన ముసుగు తొలగించాను.”

“తొలగించారు గానీ, మూడు కోవాల మీద కూకున్నారు. లెగండి బాబూ,” అంది కూర్మమ్మ.

నెయ్యి తాగిన చెక్క సిరా పట్టదని సోములు పెదవి విరిచాడు. అయినా కిరసనాయిలు పెట్టి తుడిచి సాయంత్రానికి అద్ది తెచ్చాడు. రంగు అక్కడక్కడ పట్టలేదు, గీతలు ఒకచోట లావు, ఒకచోట సన్నం. జగన్నాధం మొహం చిన్నబోయింది. వరహాలు శుభలేఖని దీపం దగ్గర పట్టుకుని చాలాసేపు చూసింది.

“అత్త ఏసినట్టే ఉన్నాది మావయ్యా. సేతి ఏళ్ల సందులోంచి పిండి ఆగి ఆగి పడినట్టు.”

మర్నాడు మొదటి శుభలేఖకి నాలుగు మూలలా పసుపు రాసి కూర్మనాథస్వామి పాదాల దగ్గర పెట్టడానికి కూర్మమ్మ తీసుకెళ్లింది. జగన్నాధం ఒక కోవా తినకుండా అదే కిటికీలో పెట్టుకున్నాడు. మధ్యాహ్నానికి దానికి చీమలు పట్టాయి. దాలమ్మ బియ్యప్పిండి ముగ్గుకీ పొద్దెక్కేసరికి ఇలాగే పట్టేవి. అయ్యో, ఇంత కష్టపడి వేశావే అంటే, “తిననియ్యండి, రేపు మళ్లీ ఏస్తాను కదా,” అనేది.

నగరేశ్వరరావు భూతద్దంతో కిటికీ మీద వాలిపోయాడు.

“ముఠా దొరికింది! వరసగట్టి వచ్చి మాలు తరలిస్తున్నారు! ఒరే, పట్టుకోమంటావా?”

“ఊరుకోరా,” అన్నాడు జగన్నాధం కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కుని. “వాళ్లకీ పిలుపు అందింది. భోంచెయ్యనీ.”