షిఫ్ట్ మీట సౌకర్యం: పూర్వాపరాలు

అడిగినా రాని సౌకర్యంతో ఏ ప్రభుత్వానికీ నష్టం లేదు. అడగకుండా వచ్చిన సౌకర్యమే ప్రభుత్వాలను కూలుస్తుంది. ఈ సత్యం 1998లో, నకిరేకల్ దాటాక హైవే పక్కన కిరాయి ఇంట్లో నడుస్తున్న బావుల నమోదు కార్యాలయంలో రుజువైంది. (చుట్టుపక్కల ఎన్ని బావులున్నాయో, వాటిలో ఎన్నింట్లో నీళ్లున్నాయో చెప్పడం ఆ కార్యాలయం పని. మొదటి సగం ఏటా సక్రమంగా పూర్తయ్యేది. రెండో సగానికి ఎవరో ఒకరు వెళ్లి బావిలోకి తొంగి చూడాలి, తొంగి చూడటానికి భత్యం ఇంకా మంజూరు కాలేదు.)

ఆ ఎండాకాలంలో కార్యాలయానికి కంప్యూటర్ వచ్చింది. దానికి పసుపు కుంకుమలు పెట్టారు, యాదగిరిగుట్ట నుంచి తెచ్చిన దారం కట్టారు, జరీ అంచు గుడ్డ కప్పారు. మనుషులకు ఎన్నడూ మంజూరు కాని ఏసీ దానికి మంజూరైంది. ఆ గదిలోకి చెప్పులతో రావద్దని సూపరింటెండెంట్ మల్లప్ప సర్క్యులర్ తీశాడు. ఇలా అన్ని మర్యాదలూ అయ్యాక, ఇక దాన్ని వాడక తప్పదని తేలింది. ఆ పని హలీమా మీద పడింది.

హలీమాది కేతేపల్లి. చిన్నప్పటి పోలియో వల్ల ఎడమ చేయి భుజానికి వేలాడుతుందే గానీ చెప్పిన మాట వినదు. ఎడమ చేయి పుణ్యమా అని వికలాంగుల కోటాలో టైపిస్టు ఉద్యోగం వచ్చింది, కుడి చేయి పుణ్యమా అని అది నిలబడింది. నిలబడటమంటే తాత్కాలికంగానే. కంప్యూటర్ మీద తెలుగు టైపు పరీక్ష పాసైతే పర్మనెంటు, లేకుంటే ఇంటికి. తల్లి లాడ్లీ బేగం మాత్రం పర్మనెంటు అయినట్టే లెక్కేసుకుని వాడకట్టంతా మిఠాయి పంచేసింది. దాంతో హలీమాకు ఫెయిలయ్యే వీలు కూడా లేకుండా పోయింది.

పాత టైపు మిషన్‌తో ఆమెకు ఏ పేచీ లేదు. షిఫ్ట్ మీటకు గొళ్లెం పెట్టి, తీరిగ్గా ఒక్క చేత్తో కొట్టుకునేది. కంప్యూటర్‌లో ఆ గొళ్లెం తెలుగు అక్షరాల దగ్గర చెల్లలేదు. సగం అక్షరాలు షిఫ్ట్ చాటున దాక్కున్నాయి, అవి బయటికి రావాలంటే ఒక చేత్తో షిఫ్ట్ అదిమిపట్టి రెండో చేత్తో అక్షరం కొట్టాలి. ఉన్న ఒక్క చేతినే అటూ ఇటూ విరిచి కొట్టబోతే పూటకో బావి నమోదయ్యేది. చూడలేక అటెండరు ఇస్రాయేలు పక్కన కుర్చీ వేసుకున్నాడు.

“పట్టు అన్నా,” అనేది హలీమా. ఆయన షిఫ్ట్ మీద వేలు పెట్టేవాడు.

“ఇడువు.” తీసేవాడు.

సర్వీసంతా ఎండలో ఫైళ్లు మోసిన ఇస్రాయేలుకు ఇంత చల్లని పని ఎన్నడూ దొరకలేదు. “ఏసీల కూసోని ఒక్క ఏలు కదిపేటోన్ని గెజిటెడ్ ఆఫీసరంటరు చెల్లే,” అని మురిసిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన చాయ్ తేవడానికి పోయాడు. అక్షరం మధ్యలో ఆగిన హలీమా, ఊరికే కూర్చోలేక, షిఫ్ట్ మీదే వేలితో టకటకా ఐదుసార్లు కొట్టింది. కంప్యూటర్ కీచుమని కూత పెట్టింది. తెర మీద ఇంగ్లీషులో ఏదో అడిగింది. హలీమా ఎంటర్ కొట్టింది. (ఏం అర్థం కాకపోయినా ఎంటర్ కొట్టాలని ఆమెకు శిక్షణలో చెప్పారు. శిక్షణ మొత్తం అదే.)

ఆ తర్వాత వింత మొదలైంది. షిఫ్ట్ ఒకసారి నొక్కి వదిలేసినా, వెంటనే కొట్టిన అక్షరం షిఫ్ట్ పట్టి కొట్టినట్టే పడుతోంది. కంప్యూటరే ఆమె తరఫున షిఫ్ట్ పట్టుకుంటోంది. హలీమాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పుట్టి బుద్ధెరిగాక, తన చేతిని చూసి అయ్యో పాపం అనకుండా తనకు సాయం చేసింది ఇదొక్కటే.

చాయ్‌తో వచ్చిన ఇస్రాయేలు కాసేపు చూశాడు. సంతోషపడ్డాడు. తర్వాత ఏసీ వైపు చూసి దిగులుపడ్డాడు.

“అంటే నేనిగ బయటికి పోవాల్నా చెల్లే?”

“యాడికి పోతవన్నా? ఈడనే కూసో. ఎవలన్నొస్తే ఏలు వెట్టు.”

కానీ కూత అప్పటికే మల్లప్ప చెవిన పడింది. ఆయన చెప్పులు విడిచి లోపలికొచ్చి సంగతంతా విన్నాడు.

“మిషిన్లనే ఉన్నది సార్. నా అసొంటోల్ల కోసమే పెట్టినట్టున్నరు,” అంది హలీమా.

“ఉంటే? బీరువల పైసలుంటయి, అన్ని మనయేనా? ఎవలు శాంక్షన్ జేసిండ్రు గిది?”

మల్లప్ప చెడ్డవాడు కాదు. మంజూరు కాని గాలి పీల్చాలన్నా జంకే మనిషి, అంతే. ఆయన పైకి రాశాడు. పైవాళ్లు అంతర్గత సౌకర్యాల ఉపసంఘం వేశారు. ఉపసంఘం చాలా దయతో జవాబిచ్చింది. సదరు సౌకర్యం వికలాంగుల హక్కు. దాన్ని కోరేవారు తాము రెండు మీటలు కలిపి నొక్కలేమని దవాఖాన నుంచి ధ్రువపత్రం తేవాలి. రెండు మీటలు కలిపి నొక్కలేనివారు టైపిస్టు పోస్టుకు పనికిరారు గనుక, ధ్రువపత్రం అందిన రోజే వారిని తొలగించాలి. (తొలగించాక సౌకర్యం వాడుకోవడానికి ఉపసంఘానికి అభ్యంతరం లేదు.)

“అంటే సార్, అడిగితే నౌకరి పోతది, అడగకుంటే పరీక్ష పోతది. గంతేనా?”

“నేనంటలేను తల్లీ, కాయిదం అంటాంది. జర ఓపిక వట్టు.”

ఓపిక పట్టే లోపు ఇంకో ఘోరం బయటపడింది. కంప్యూటర్‌ను ఐదు నిమిషాలు ముట్టకుండా వదిలేస్తే ఆ సౌకర్యం తనంతట తానే ఆగిపోతోంది. ఈ మాట విని మల్లప్ప కుర్చీలో కూలబడ్డాడు.

“పని జేయకుంటే సౌకర్యం గుంజుకుంటదా? గీ ముచ్చట పైకి తెలిస్తే ఇంకేమన్న ఉన్నదా? ఇయ్యాల షిఫ్ట్‌కు పెట్టిండ్రు, రేపు ఫ్యాన్లకు పెడ్తరు, ఎల్లుండి జీతాలకు పెడ్తరు!”

ఉద్యోగుల సంఘం ఈ దుర్మార్గాన్ని తీవ్రంగా ఖండించింది. భోజన విరామంలో నిరసన తెలిపి, నిరసన విరామంలో భోజనం చేసింది. సాయంత్రానికి సర్క్యులర్ వెలువడింది: సిబ్బంది ఎవరూ షిఫ్ట్ మీటను వరుసగా ఐదుసార్లు నొక్కరాదు. నాలుగుసార్ల వరకు స్వేచ్ఛ ఉంది.

పరీక్ష రోజు రానే వచ్చింది. హైదరాబాదు నుంచి పరీక్షాధికారి దిగాడు. గదిలో అభ్యర్థి తప్ప ఇంకెవరి వేలూ ఉండకూడదని ఇస్రాయేలును బయటికి పంపాడు. పోతూ పోతూ ఆయన గుమ్మం దగ్గర శిలువ గుర్తు వేసుకుని, “అల్లా ఉన్నడు చెల్లే,” అని ఇద్దరు దేవుళ్లకూ పని అప్పజెప్పాడు. తల్లి పంచిన మిఠాయి మొత్తం హలీమాకే అడ్డం పడ్డట్టుంది.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. (ఫోన్ కూడా చల్లగా ఉండాలని దాన్నీ ఆ గదిలోనే పెట్టారు.) పరీక్షాధికారి హలీమా కుర్చీలో కూర్చుని ఎడమ చేత్తో రిసీవర్ పట్టుకున్నాడు. ఖాళీగా ఉన్న కుడి చేతికి ఏం చేయాలో తోచలేదు. ఎదురుగా కనిపించిన మీట మీద టకటకా తాళం వేశాడు. కీచుమని కూత.

“ఇదేమిటమ్మా?”

“ఏం లేదు సార్. ఎంటర్ కొట్టుండ్రి,” అంది హలీమా.

కొట్టాడు. గుమ్మం అవతల నిలబడి చూస్తున్న మల్లప్ప ముఖం పాలిపోయింది. సర్క్యులర్ ప్రకారం ఐదుసార్లు నొక్కడం నేరం, కానీ నొక్కింది పై అధికారి. అధికారి తెరిచిన సౌకర్యాన్ని సిబ్బంది వాడవచ్చునా అన్న విషయం మీద ఏ కాగితమూ లేదు. హలీమా మల్లప్ప వైపు చూసింది. మల్లప్ప పైకప్పు వైపు చూశాడు. (ఆయన సర్వీసులో ఇంతకు మించిన సాహసం లేదు.)

పరీక్ష మొదలైంది. షిఫ్ట్ నొక్కుతూ, వదులుతూ, అక్షరం కొడుతూ హలీమా వేళ్లు పరుగెత్తాయి. సగం పేజీ నిండగానే పరీక్షాధికారి చేయెత్తాడు.

“ఆగమ్మా. టైపంటే గుర్తొచ్చింది...” అని తన చిన్ననాటి టైపు ఇన్‌స్టిట్యూట్ గురించి ఎత్తుకున్నాడు. ఇన్‌స్టిట్యూట్ నుంచి మాస్టారికి, మాస్టారి నుంచి మాస్టారి కోపానికి, కోపం నుంచి నేటి యువతకు వచ్చాడు. ఐదు నిమిషాలు చేతులు ముడుచుకుంటే సౌకర్యం ఆగిపోతుంది, మళ్లీ తెరవడం హలీమాకు నిషిద్ధం. ఆమె తలూపుతూ వింటూ, చిటికెన వేలితో, మాటల మధ్య ఖాళీ వదిలే స్పేస్ మీటను మెల్లగా గోకుతూనే ఉంది.

ఉపన్యాసం ముగిసింది, పరీక్ష ముగిసింది. పరీక్షాధికారి కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

“నడుమ ఇంత ఖాళీ ఎందుకుంది?”

“మీరు మాట్లాడంగ రాసుడు మర్యాద గాదని ఖాళీ ఇడిసిన సార్.”

ఆయన పొంగిపోయి, వినయానికి విడిగా మార్కులు వేశాడు.

వర్షాలు పడ్డాక ఉత్తర్వు వచ్చింది. హలీమా పర్మనెంటు. ఇస్రాయేలు ఆమె కంటే గట్టిగా ఏడ్చాడు, తర్వాత కుర్చీ మళ్లీ ఏసీ కిందికి జరుపుకున్నాడు. ఉత్తర్వులో రెండో పేరా కూడా ఉంది. అభ్యర్థి ఎవరి సాయమూ లేకుండా, ఏ సౌకర్యమూ కోరకుండా రెండు మీటల పరీక్షలో నెగ్గినందున, ఆమె ఎడమ చేయి సక్రమంగా పనిచేస్తున్నట్టు ప్రభుత్వం సంతోషంతో గుర్తిస్తోంది, వికలాంగుల బస్సు పాసును రద్దు చేస్తోంది. (పెద్ద దవాఖాన ఇన్నేళ్లు చేయలేని వైద్యం ఒక్క సంతకంతో అయింది.) అదే కవరులో మరో ఉత్తర్వు: ఒక చేయి ఎల్లవేళలా ఫోన్‌కు అంకితమై ఉండే అధికారుల అవస్థ దృష్ట్యా, షిఫ్ట్ సౌకర్యం గెజిటెడ్ హోదా వారికి మంజూరు.

సాయంత్రం కేతేపల్లి బస్సు కిక్కిరిసి వచ్చింది. కండక్టర్ పాసు నంబరును రద్దు జాబితాలో చూసి, చెల్లదని తిప్పి ఇచ్చి, టికెట్టు కొట్టాడు.

“ఒక చెయ్యితోని రాడ్డు వట్టుకో, ఒక చెయ్యితోని టికెట్టు వట్టుకో అమ్మా. బస్సు జోరుగ పోతాంది.”

హలీమా కుడి చేత్తో రాడ్డు పట్టుకుంది. సర్కారు బాగుచేసిన చేయి కొంగు చాటున వేలాడుతోంది. టికెట్టు పళ్ల మధ్య ఉన్నందున ఆమె ప్రభుత్వానికి కృతజ్ఞతలు చెప్పుకోలేకపోయింది.