మేనమామ ఒళ్లు

ఆదివారం తెల్లవారగానే వెంకటదుర్గ మూడు ఫోన్లూ లాక్కుని బీరువాలో పడేసి తాళం వేసింది. ఒకటి మొగుడు చంద్రరావుది, ఒకటి కొడుకు ప్రసన్నకుమార్‌ది, మూడోది తనది. తనూ ఏం తక్కువ తినలేదు. పక్క గదిలో ఉన్న కొడుకుని అన్నానికి మెసేజ్ పెట్టి పిలిచే మనిషి.

"ఈ ఒక్క రోజూ మనుషుల్లా బతుకుదాం. గోదారి లంకలో మీ శివరామకృష్ణ అన్నయ్యగారింటికి పోదాం పదండి."

"కబురు చెయ్యకుండానా?" అన్నాడు చంద్రరావు.

"కబురు చేస్తే మీరు మళ్లీ ఫోన్ పట్టుకుంటారు."

శివరామకృష్ణ చంద్రరావుకి బాబాయి కొడుకు. ఇద్దరూ ఎదురుపడి పాతికేళ్లయింది. అయితేనేం, రోజూ పొద్దున్నే తామరపువ్వు మీద శుభోదయం రాసి పంపుతాడు. చంద్రరావు తిరిగి దండం బొమ్మ పంపుతాడు. ఈ రోజుల్లో దీన్నే చుట్టరికం అంటున్నారు. అన్నయ్య మొహం ఎలా ఉంటుందంటే చంద్రరావుకి తామరపువ్వే గుర్తొస్తుంది.

రాజమండ్రి రేవు వదిలిన కాసేపటికే ఒడ్డు లేదు, ఆకాశం లేదు, నీళ్లూ లేవు. అంతా మంచు. పడవ దేనిమీద తేలుతోందో తెలియదు. వంతెన మీద రైలు పోతున్న చప్పుడు ఎవరి కలలోంచో వచ్చినట్టు వచ్చి పోయింది. ప్రసన్నకుమార్ బొటనవేలు అలవాటుకొద్దీ ఖాళీ అరచేతి మీద కదులుతూనే ఉంది. కాసేపటికి అదీ ఆగింది. ఆ చెయ్యి తీసి నీళ్లలో పెట్టాడు.

"లంకొచ్చేసిందండి, దిగండి," అన్నాడు పడవవాడు. ఏ లంక అని అడగాలని ఎవరికీ తోచలేదు.

రేవులో పంచె కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన మంచులోంచి చేతులు చాచుకుంటూ వచ్చాడు.

"రండి రండి! ఇంత ఆలస్యమైతే ఎలాగండీ!"

"అన్నయ్యా!" అని చంద్రరావు వాటేసుకున్నాడు.

"తమ్ముడూ!" అన్నాడాయన. అన్నయ్యా అని పిలిస్తే తమ్ముడూ అనకుండా ఉండగల మనిషి ఈ జిల్లాలో ఇంకా పుట్టలేదు. వచ్చినవాణ్ణి "ఎవరండీ మీరు" అని అడగడమంటే ఇక్కడ చెంప మీద కొట్టడమే. ముందు కాఫీ పొయ్యాలి, పెసరట్టు పెట్టాలి, మళ్లీ కాఫీ పొయ్యాలి. అప్పటికి ఎలాగూ బంధువులైపోతారు.

అరటితోట దాటి వెనక గుమ్మంలోంచి ఇంట్లోకి తీసుకుపోయాడు. పెద్దాయన కూతురు సత్యకుమారి ముగ్గురినీ ఒక్క క్షణం తేరిపార చూసి, "రండి బాబాయిగారూ, రండి పిన్నిగారూ," అంటూ మంచినీళ్లిచ్చింది.

"పిన్నికి మోకాళ్లెలా ఉన్నాయన్నయ్యా?" అన్నాడు చంద్రరావు.

"అమ్మకా? అలాగే ఉన్నాయి తమ్ముడూ. మెట్లెక్కలేకపోతంది."

మోకాళ్లు బాగున్న పిన్ని ఏ ఇంట్లో ఉంది గనక!

హాల్లో ముగ్గులో పీట వేసి ఉంది. పీట మీద ఇత్తడి చెంబు, చెంబుకి ఆనించి ఒక ఫోన్. ఫోన్‌కి బొట్టు కూడా పెట్టారు. తెర మీద చిన్న సున్నా గుండ్రంగా తిరుగుతోంది. సత్యకుమారి పదకొండు నెలల కూతురికి ఆ రోజు చెవులు కుట్టిస్తున్నారు. పిల్ల మేనమామ ఒళ్లో కూర్చోవాలి. మేనమామ బెంగళూరులో ఉన్నాడు, ఆదివారం కూడా సెలవు లేదట, వీడియోలో కూర్చుంటానన్నాడట. లంకలో సిగ్నల్ లేక అల్లుడు తన ఫోన్‌తో డాబా ఎక్కి పావుగంట నుంచి "హలో" అని మంచుని పిలుస్తున్నాడు.

"నాకు రెండో బేరం ఉందండి, తొందరగా కానియ్యండి," అన్నాడు కంసాలి.

చంద్రరావు తొడ చరిచాడు. "మావాడుండగా ఫోనెందుకయ్యా? సత్యకుమారికి తమ్ముడు వరస. పిల్లకి మేనమామ! ఒరేయ్, కూర్చోరా!"

"దేవుడే పంపాడు," అని పెద్దాయన కళ్లొత్తుకున్నాడు.

ఈ సందట్లో వెంకటదుర్గ చేతులు కడుక్కుందామని వీధివైపు బోరింగు దగ్గరకి వెళ్లింది. మంచులో గేటుకి పెద్ద ఫ్లెక్సీ వేలాడుతోంది. అందులో పెద్దాయన నల్లకళ్లద్దాలు పెట్టుకుని నమస్కారం పెడుతున్నాడు. కింద బారెడు అక్షరాలు: ఆహ్వానించువారు, బుల్లిరాజు. శివరామకృష్ణ అన్న పేరు చిన్నక్షరాల్లో కూడా లేదు.

ఇల్లు తప్పామని ఆవిడకి అర్థమైంది. చెబితే చంద్రరావు సిగ్గుతో చచ్చి పడవెక్కేస్తాడు, రేపట్నుంచి మళ్లీ ముగ్గురూ మూడు గదుల్లో. చెప్పకపోతే పరాయి పిల్ల శుభకార్యంలో దొంగ మేనమామ. చెప్పాల్సిందే అనుకుని గబగబా లోపలికొచ్చింది.

అప్పటికే ఫోన్ తీసి కిటికీలో పెట్టేశారు. కొడుకు పీట మీద ఉన్నాడు, పిల్ల వాడి ఒళ్లో ఉంది, వాడి వేలు పిల్ల పిడికిట్లో ఉంది. చంద్రరావు వంగి కొడుకుతో అంటున్నాడు.

"నీకు కుట్టించినప్పుడు మీ మామయ్య పట్టుపంచె తడిపేశావురా."

"నిజమా నాన్నా? ఎప్పుడూ చెప్పలేదే!"

"నువ్వెప్పుడడిగావురా?"

ప్రసన్నకుమార్ తలెత్తి నవ్వాడు. కొడుకు కళ్లు తేనెరంగని వెంకటదుర్గ మరిచిపోయి ఎన్నాళ్లైందో. నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

"మేనమామగారూ, గట్టిగా పట్టుకోండి. కదిలితే వంకరపోద్ది," అన్నాడు కంసాలి. పిల్ల కెవ్వుమంది. మేనమామ అంతకంటే గట్టిగా ఏడ్చాడు. పిల్ల వాడి ప్యాంటు కూడా తడిపేసింది. ఇల్లంతా ఒకటే నవ్వు. అంతలో ఎవరో ముసలావిడ, "మేనమామ చీరేదండీ?" అంది. శివరామకృష్ణ భార్య కోసం తెచ్చిన చీర కాస్తా చంద్రరావు సంచీలోంచి తీసి సత్యకుమారి చేతిలో పెట్టేశాడు.

ఇక వెంకటదుర్గ తట్టుకోలేకపోయింది. వంటింట్లో సత్యకుమారిని పట్టుకుంది.

"అమ్మా, నన్ను తిట్టినా సరే. మేం మీవాళ్లం కాదమ్మా. ఇల్లు తప్పి వచ్చాం."

సత్యకుమారి పులుసులో గరిటె ఆపలేదు. "తెలుసండి పిన్నిగారూ."

"ఎప్పుడు తెలిసింది?"

"మీరు గుమ్మంలోకి రాగానేనండి. ముప్ఫై ఇళ్లవాళ్లని పిలిచామండి. చుట్టాలన్నవాళ్లంతా ఫోన్లో పూలగుత్తి పంపేసి ఊరుకున్నారు. ఇరుగుపొరుగు తప్ప ఒక్కళ్లు రాలేదు. మీరేమో పనిగట్టుకుని పడవెక్కి వచ్చారు. మీకంటే మావాళ్లెవరండీ!"

"మరి నోరెత్తలేదేం తల్లీ?"

"మా తమ్ముడు చూస్తానన్నాడండి. చూస్తే సరిపోద్దా? పిల్లకి ఒళ్లు కావాలి గదండీ. ఫోన్‌కి ఒళ్లుంటదా?" కొంగుతో మొహం తుడుచుకుంది. "మా నాన్నకి మాత్రం చెప్పకండి. తన తమ్ముడొచ్చాడని మురిసిపోతన్నాడు."

"మా ఆయనకి నువ్వూ చెప్పకు," అంది వెంకటదుర్గ.

సాయంత్రం తిరుగు పడవలో మంచు లేదు. గోదావరి అంతా పలచటి బంగారపు నీడ. కొడుకు తండ్రి భుజం మీద తల ఆనించి నిద్రపోయాడు. చంద్రరావు భుజం కదపకుండా, గొంతు తగ్గించి అన్నాడు.

"చూశావా దుర్గా, ఆ పిల్ల ముక్కు అచ్చం మా నాయనమ్మదే. రక్తం ఎక్కడికి పోద్ది!"

వెంకటదుర్గకీ అలాగే అనిపించింది.