అంచులు కోయని పుస్తకం

తమిళనాటి రాజపాళయంలో ఉత్త బొమ్మయ్య ఇల్లు ఎక్కడని అడిగితే పోస్టుమాను కూడా తల గోక్కునేవాడు. తూకం బొమ్మయ్య అనాలి. పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగు షెడ్డు నడిపి నడిపి ఆయనకు లోకమంతా త్రాసులోనే కనిపించేది. కూలి ఆడవాళ్ళు ఎంత పత్తి వలిస్తే అంత కూలి. పెళ్ళాం వంటను మెచ్చుకున్నా అదే ధోరణి. "ఈ పొద్దు సాంబారు మంచి బరువుగా ఉండాది నాగమ్మా!" అనేవాడు.

అటువంటి మనిషికి పిల్లలచేత పుస్తకాలు చదివించాలన్న పిచ్చి పట్టింది. నవ్వకండి, దాని వెనక నొప్పి ఉంది. చిన్నప్పుడే బడి మాన్పించి ఆయన్ని పత్తి మూటల మీద కూర్చోబెట్టారు. అక్షరాలు వచ్చుగానీ, ఒక్క పుస్తకమైనా చివరిదాకా చదివిన పాపాన పోలేదు. కూతురు వేదవల్లి, కొడుకు పాండురంగన్ కూడా తనలాగే మిగిలిపోతారేమోనని లోలోపల నిజంగానే భయపడేవాడు.

ఊళ్ళో మిల్లు సంగు, అదే సైరను, కొత్తగా కూయడం మొదలైన రోజులవి. ఆయన మద్రాసు నుంచి ఒక కట్ట తమిళ కథల పుస్తకాలు తెప్పించాడు. ఇంట్లో మాట తెలుగైనా బడి తమిళమే కదా. పిల్లలు ఆ కట్టను ఆముదం సీసాను చూసినట్టు చూసి వీధిలోకి పరుగెత్తారు.

"నాగమ్మా, ఉపాయం దొరికింది. కథ చదివి చెప్పినోళ్ళకు కరుప్పట్టి మిఠాయి!"

తాటిబెల్లంతో చేసే ఆ మిఠాయి కోసం పిల్లలు గోడలైనా ఎక్కుతారు. నాగమ్మాళ్ మాత్రం పెదవి విరిచింది.

"అది పత్తి కాదండి, పుస్తకం. కూలికి చదివేదీ ఒక చదువా?"

"కూలి ఇస్తేనే పని జరిగేది. నాకు తెలీదా?"

"మీకు తెలీనిది ఏముండాది? తెలిసింది ఏదనేదే నాకు ఇంకా తెలీలేదు."

మరునాటి నుంచి ఇంట్లో కథలే కథలు. పెద్దదిగనుక వేదవల్లి చెప్పేది, పాండురంగన్ మధ్యమధ్య ఏనుగులనూ గుర్రాలనూ తోలేవాడు. అన్నిటిలోకీ బొమ్మయ్యకు నచ్చింది, అన్నిటినీ తూచే రాజు కథ. ఆ రాజు ఏనుగును తూచాడు, మంత్రి బుద్ధిని తూచాడు, ఆఖరుకు రాణి అలకను తూచబోయి త్రాసు విరగ్గొట్టుకున్నాడు.

బొమ్మయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఎంత పిచ్చోడు ఆ రాజు!"

"అవునవును, రొంబ పిచ్చోడు" అని నాగమ్మాళ్ దోసె తిరగేసింది.

ఇంతలో ఆమె తమ్ముడు రాజగోపాలన్ శ్రీవిల్లిపుత్తూరు నుంచి వచ్చాడు. అక్కడ బడిపంతులు. బొమ్మయ్య అతన్ని కాళ్ళు కడుక్కోనిస్తేగా! గుమ్మంలోనే నిలబెట్టి, పిల్లల చదువు గొప్పలూ తూకం రాజు కథా అంతా వినిపించాడు.

"బాగుండాదే బావా! ఏ పుస్తకంలోది? నా బడి పిల్లకాయలకు చదివి చెప్తాను."

బొమ్మయ్య గర్వంగా కట్ట తెచ్చి ముందు పెట్టాడు. రాజగోపాలన్ ఒక పుస్తకం తీశాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఆ రోజుల్లో కొన్ని పుస్తకాల కాగితాలు మడిచినవి మడిచినట్టే కుట్టేసి పంపేవారు. కొన్నవాడే కత్తిపెట్టి అంచులు కోసుకోవాలి. కోస్తేగానీ లోపలి పేజీలు కనబడవు.

"బావా, ఒక్కటీ కోయనే లేదే! మీ పిల్లకాయలు లోపలికి ఎట్ల దూరినారు?"

పాండురంగన్ నోట్లో ఉన్న మిఠాయిని గుటుక్కున మింగేశాడు. వేదవల్లి స్తంభం చాటు నుంచి తల బయటపెట్టింది. "కథ చెప్పమన్నారు, చెప్పినాము. ఎక్కడిదని మీరు అడగలేదు నాయనా."

నాగమ్మాళ్ కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. రాజగోపాలన్ మీసం చాటున నవ్వాడు. ఆ తూకం రాజు ఎవరో బొమ్మయ్యకు మాత్రం బావమరిది బస్సెక్కి వెళ్ళిపోయాకగానీ తట్టలేదు. తట్టాక కోపం వచ్చింది. కోపం వెంటే, దొంగముండలు ఎంత బాగా అల్లినారనే మురిపెమూ వచ్చింది. కానీ అసలు దిగులు అలాగే ఉంది. పిల్లలు పుస్తకం ముట్టనేలేదు.

"ఇంక నేనే చదివి వినిపిస్తాను!" అన్నాడు.

"మంచిది. కోసేది మాత్రం నేను. దినానికి ఒక మడత."

బొమ్మయ్య చదువు రాళ్ళబాటలో ఎద్దుబండిలా సాగింది. అయినా కథ కథే. రాణిగారి హారం కొట్టేసిన దొంగ తాడు పట్టుకుని పాడుబావిలోకి దిగాడు. దిగీదిగగానే పైనుంచి ఎవరో తాడు లాగేస్తున్నారు... అక్కడికి మడత అయిపోయింది.

"కోయి నాగమ్మా!"

"రేపు."

"ఒక్క మడత!"

"మీ షెడ్డులో పత్తంతా ఒకే దినం వలిచేస్తారా?"

పిల్లలు కాళ్ళు నేలకేసి కొట్టారు. ఆయనా కొట్టేవాడే, పెద్దరికం అడ్డొచ్చింది. పొద్దున్నే పుస్తకాన్ని వెలుతురుకు పట్టి, మడతను గొట్టంలా తెరిచి, ఒంటికన్నుతో లోపలికి తొంగిచూశాడు. 'పైన నిలబడినది' అన్నంతవరకే కనబడింది. తక్కినది కాగితం వంపులో దాక్కుంది.

ఇక షెడ్డులో మనసు నిలుస్తుందా? మధ్యాహ్నం త్రాసు మీద పత్తి మూటను అలాగే వదిలేసి ఇంటికి పరుగెత్తాడు. నాగమ్మాళ్ పెరట్లో ఉంది. కిటికీ గూట్లో కత్తి కనబడింది. దాన్ని అందుకుని పుస్తకం తెరిచాడు. ఎవరో ముందే కోసేశారు. ఆఖరి పేజీదాకా!

మంచం కింద గుసగుస వినిపించింది. వంగి చూస్తే నాలుగు కాళ్ళు. కట్టలోని ఇంకో పుస్తకం నేలమీద పరిచి వేదవల్లి చదువుతోంది, పాండురంగన్ "బిరాన చదువక్కా" అని పోరుతున్నాడు.

"ఒరేయ్, మిఠాయి ఇస్తానని కూడా చెప్పలేదే!"

"మిఠాయి ఎవరికి కావాల నాయనా? ఆ దొంగ ఏమైనాడో తెలియొద్దా? అది అయిపోతే ఇది పట్టినాము" అంది వేదవల్లి.

బొమ్మయ్యకు ఇన్నాళ్ళ భయం ఆ ఒక్క మాటతో దిగిపోయింది. అంతలో వెనక నాగమ్మాళ్ గొంతు.

"ఏమండి, ఈ ఎండలో వచ్చినారే? చేతిలో ఆ కత్తి ఏమిటికి?"

కత్తిని వీపు వెనక దాచుకుని ఆయన గద్దించబోయాడు. "పిల్లకాయలకు అందే చోట పెట్టినావే, బుద్ధుండాదా?"

"పిల్లకాయలకని పెట్టలేదు. మీ ముగ్గురికీ అందే చోట పెట్టినాను."

పెళ్ళాం తెలివి ముందు ఆయన మనసులోనే తలవంచాడు. పైకి మాత్రం కూతురి వైపు తిరిగి మెల్లగా అడిగాడు. "సరి... ఆ తాడు లాగింది ఎవరే?"

"పోండి నాయనా! మీరే చదువుకోండి."

పాండురంగన్ కాస్త జరిగి చోటిచ్చాడు. తూకం బొమ్మయ్య పంచె ఎగగట్టి, పుస్తకంతో సహా మంచం కిందికి దూరాడు.