గిలకపాము దర్శనార్థం వెండెల్ హాస్టెటర్ కొండెక్కిన వైనం

సముద్రాలు దాటినవాళ్ళనూ కోటలు కూల్చినవాళ్ళనూ పొగడడానికి వేరే నోళ్ళున్నాయి. వాటికి బహుమానాలూ ఉన్నాయి. ఈ నోరు మాత్రం, జ్యేష్ఠమాసపు జోరెండలో, పెన్సిల్వేనియా పర్వతపంక్తుల నడుమ లారెల్ పొదలు తెల్లగా విరగబూసిన వేళ, సహస్రకిరణుడు తన వేయి చేతులతోనూ డ్రెషర్ కొండ దక్షిణపు వాలు మీది బండలను పెనంలా కాలుస్తున్న ఒకానొక శనివారం ఉదయాన, ఫర్నేసు మరమ్మతు విద్యాపారంగతుడూ, విశాలోదరుడూ, విరళకేశుడూ, అలుపెరుగని అన్వేషకుడూ అయిన వెండెల్ హాస్టెటర్ మహాశయుడు ఒక పామును చూడబోయిన వృత్తాంతాన్ని పాడదలచింది. చంపడానికి కాదు. పట్టడానికి కూడా కాదు. చూడడానికి. అంతే.

చూడడంలో వీరత్వమేముందని లూమిస్ గ్యాప్ ఊళ్ళో ఎవరినైనా అడిగితే నవ్వుతారు. ఎందుకంటే ఆ ఊళ్ళో వెండెల్ తప్ప అందరూ, బెదిరితే తోకను గిలక్కాయలా మోగించే ఆ పామును చూశారు. ఉత్తరాలు పంచే గ్లెండా ఒకరి ఇంటి మెట్ల మీద చూసింది. పాస్టరుగారి భార్య బట్టలారేస్తూ చూసింది. బావమరిది మెర్ల్ ఎబర్సోల్ అయితే తన వరండాలో, కోడి కాల్చే బొగ్గుల పొయ్యి కింద, ఒక చేత పటకారూ మరో చేత బీరు డబ్బా ధరించి, వెతక్కుండా, కోరకుండా, కనీసం కుర్చీలోంచి లేవకుండా చూశాడు. ఏటా జూన్ రాగానే కొండెక్కి, బండబండకూ వంగి నమస్కరించి, నెర్రెనెర్రెలోకీ చేతి అద్దంతో ఎండను మళ్ళించి తొంగిచూసిన ఏకైక దీక్షాపరుడికి మాత్రం, గర్భవతులైన గిలకపాములు ఎండ కాచుకోవడానికి బారులుదీరి బయటికొచ్చే ఆ ఋతువులో కూడా, ఇంతవరకూ ఒక్క తోకచివర దక్కలేదు. ఒకసారి కుబుసం దొరికింది. పాము దాన్ని వదిలేసి వెళ్ళి చాలాకాలమైందని కుబుసం వాలకమే చెప్పింది.

ఈసారి దండయాత్రకు మాత్రం ఒక కొత్త చిక్కు వచ్చిపడింది. బుధవారం నాడు వంటింట్లో, బడిపిల్లల భోజనశాలలో జీవితమంతా గరిటె తిప్పి రిటైరైన ధర్మపత్ని ఆర్డిత్, బంగాళాదుంపలు చెక్కుతూ తలెత్తకుండా అన్నది:

"ఆకులు రాలేలోపు మోకాలు మార్చాలంటున్నాడు డాక్టరు. ఆ తర్వాత కొండలెక్కుతానో లేదో. ఈ శనివారం నేనూ వస్తా."

"నువ్వా? ఎందుకు?"

"ఎందుకేమిటి? ఇన్నేళ్ళుగా జూన్ వస్తే చాలు, నా మొగుణ్ణి ఎగరేసుకుపోతున్నది ఎవరో ఒక్కసారి చూడొద్దూ?"

"అది కనిపించకపోతే?"

"కనిపించకపోతే, నువ్వు ఇన్నాళ్ళూ ఏం చూసొచ్చావో అదే చూసొస్తా."

ఈ చివరి మాట వెండెల్ గుండెలో బాణంలా దిగి అక్కడే ఉండిపోయింది. తాను ఇన్ని జూన్ నెలలు చూసొచ్చినది రాళ్ళు. ఆమె ఒంటరిగా భోజనం చేసిన శనివారాలన్నిటికీ బదులుగా ఆమె ముందు పెట్టడానికి అతని దగ్గర ఉన్నది ఒక కొండెడు రాళ్ళు. ఆ రాత్రి అతనికి సరిగ్గా నిద్రపట్టలేదు.

శనివారం ఉదయం కొండ మొదట్లో ట్రక్కు ఆగింది. వెండెల్ యుద్ధసన్నద్ధుడయ్యాడు. దుర్భేద్య కాన్వాసు కవచాలైన కాలితొడుగులు ధరించబోగా, పోయినేడు ఎక్కిన జిప్పు ఈ ఏడు పిక్కల దగ్గర సత్యాగ్రహం చేసింది. శిరస్త్రాణంగా గడ్డి టోపీ, దివ్యాస్త్రంగా కొక్కెం కర్ర, కంఠహారంగా అద్దం వేలాడుతుండగా, తొడుగులు సగం తెరుచుకుని ఉండగానే అతడు శిఖరాభిముఖుడై నిలిచాడు. పిలవకుండానే వచ్చిన మెర్ల్ ట్రక్కు వెనక తలుపు మీద కూర్చుని ఆ అలంకారాన్ని ఆసాంతం తిలకించాడు.

"బావా, పామును చూడ్డానికా, దాన్ని పెళ్ళాడ్డానికా?"

"నువ్వెందుకొచ్చావు మెర్ల్?"

"సాక్ష్యానికి. మధ్యాహ్నం ఫైర్ స్టేషన్లో కోళ్ళు కాలుస్తున్నారు, ఊరంతా వస్తుంది. ఏం కనబడలేదో వివరంగా చెప్పేవాడు ఒకడుండాలిగా."

"నోరు మూసుకుని ఆ సంచీ పట్టుకో తమ్ముడూ," అన్నది ఆర్డిత్. "అందులో శాండ్‌విచ్‌లున్నాయి, నలపకు."

పిమ్మట ఆరోహణం. అడుగుపెడితే ఊగేవి కొన్ని, ఊగవనిపించి సరిగ్గా బరువు మోపాక ఊగేవి కొన్ని, ఇలా ద్వివిధ కపటశిలలతో నిండిన ఆ వాలు మీద, ముళ్ళతీగలు ప్యాంట్లను ప్రేమగా పట్టుకుని వదలకుండా వేడుకొంటుండగా, దోమకన్న చిన్నవీ దోమకన్న మూర్ఖమైనవీ అయిన ఈగల అక్షౌహిణులు కళ్ళలోకే నేరుగా దండెత్తుతుండగా, వీరుడు ముందూ, మోకాలు పట్టుకుంటూ భార్య వెనకా, వాళ్ళిద్దరి వెనక శాండ్‌విచ్ నములుతూ మెర్ల్, ఎక్కసాగారు. వెండెల్ నిమిషానికోసారి వెనక్కి తిరిగి, "నొప్పిగా ఉందా?" అని అడుగుతున్నాడు. "నువ్వు అడిగినప్పుడల్లా ఆగాల్సొస్తోంది, అదే నొప్పి," అంటున్నది ఆమె.

సగం దూరం ఎక్కారో లేదో, కుడిపక్క పొదలోంచి ఘోరమైన గిలకధ్వని, జ్ర్‌ర్‌ర్‌ర్ మని చెవులు చిల్లులుపడేలా లేచింది. వెండెల్ తన వయసునూ బరువునూ మరచి ఆకాశానికెగిరి, టోపీ ఒకవైపూ తాను ఒకవైపూగా దిగి, కొక్కెం కర్ర సారించి, "కదలకండి! ఎవరూ కదలకండి!" అని గర్జించాడు. మెర్ల్ వెళ్ళి కొమ్మ ఊపాడు. ఒక చిమ్మెట ఎగిరిపోయింది.

"ఆరు కాళ్ళున్నాయి బావా. పాములకి ఈ మధ్య మొలుస్తున్నాయేమో."

ఆర్డిత్ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని వెండెల్‌కి అనిపించింది. ఆమె వంగి అతని టోపీ తీసి, దుమ్ము దులిపి, నెత్తిన పెట్టింది.

మధ్యాహ్నానికి కాస్త ముందు వాళ్ళు పెద్ద బండల వేదిక చేరారు. చెట్లు లేని చోటు. బల్లల్లాంటి రాళ్ళు, వాటి కింద చేయి పట్టేంత సందులు, అంచుల్లో నీలిపండ్ల పొదలు. పాముకి ఇంతకన్న మంచి చిరునామా లేదు. వెండెల్ ప్రతి సందులోకీ అద్దపు వెలుగు పంపాడు. వెలుగు లోపలికెళ్ళి, ఎండుటాకులనూ ఒక పాత చిప్స్ పొట్లాన్నీ చూపించి, తిరిగొచ్చింది. అప్పుడతడు శిలాపీఠమెక్కి, బాహువులు చాచి, కొండనుద్దేశించి ఇలా పలికాడు:

"ఓ వజ్రకఠోర శిలాగర్భ నివాసినీ! ఓ ఘర్ఘర పుచ్ఛాగ్ర భూషణా! ప్రతి వసంతాంతంలో నీ గుమ్మం ముందు నిలిచి, ఎండకు మాడి, ఈగలకు ఆహారమై, బంధువర్గంలో పరిహాసపాత్రుడనై నిన్నర్థిస్తున్న నన్ను ఇంక ఉపేక్షింపకు! నేడు నా అర్ధాంగి తన రోగిష్టి జానువుతో నీ వాకిటికి వచ్చింది. నా కోసం కాకున్నా, ఆమె కోసమైనా నీ దర్శనభాగ్యం ప్రసాదించు!"

ఈ ఉపన్యాసం కథకుని సొంతం. వెండెల్ నిజంగా అన్నది, "బయటికి రావే తల్లీ, ఈ ఒక్కసారికి." అదీ మెర్ల్‌కి వినపడకుండా.

ఏమీ రాలేదు.

ఆర్డిత్ ఒక చదునైన రాయి చూసుకుని కూలబడింది. "నేనింక ఎక్కలేను. మీరిద్దరూ పైకెళ్ళి చూసిరండి. టీ సీసా ఇచ్చిపో." వెండెల్ పై బండల దాకా వెళ్ళాడు. అక్కడ కూడా రాళ్ళే. మెర్ల్ చేతులు నడుముకి ఆనించుకుని లోయంతా చూసి, ఈసారి వేళాకోళం లేకుండా అన్నాడు:

"ఒకటి చెప్పనా బావా? దానికి ఇష్టం లేదు. వదిలెయ్. వచ్చే వారం నాతో చేపలకి రా."

వేళాకోళానికి తట్టుకున్నవాడు ఆ జాలికి తట్టుకోలేకపోయాడు. వెండెల్ చెమట తుడుచుకుంటూ, కింద రాయి మీద కదలకుండా కూర్చున్న భార్య వీపు చూశాడు. ఇంటికెళ్ళే దారిలో ట్రక్కులో ఏం మాట్లాడాలో వెతుక్కోసాగాడు. అప్పుడు ఆమె గొంతు వినిపించింది. గట్టిగా కాదు.

"వెండెల్. నా సీసా మూత దొర్లిపోయింది. ఒకసారి వచ్చి చూడు."

"వస్తున్నా."

"పరిగెత్తకు. మెల్లగా రా. నా వెనక నుంచి రా. అక్కడ పొద పక్కన, బూడిదరంగు రాయి ఉంది చూడు, దాని అంచున ఎక్కడో ఉంది. చేయి పెట్టకు. ముందు చూడు."

ఒక ప్లాస్టిక్ మూతకు ఇన్ని ఆంక్షలెందుకని అనుమానించే చురుకుదనం ఫర్నేసు విద్యలో ఎంతున్నా, ఆ క్షణాన అతనికి లేకపోయింది. విధేయుడై, మెల్లగా, ఆమె వెనక నుంచి వచ్చాడు. పొద చూశాడు. బూడిదరంగు రాయి చూశాడు. మూత కోసం దాని అంచున వెతుకుతుండగా, ఆ అంచు ఊపిరి తీసుకుంది.

అది నల్లగా ఉంది. తడిసిన బొగ్గంత నలుపు. దాని మీద ఇంకాస్త నల్లని పట్టీలు. లావుగా, నిండుగా, కడుపులో పిల్లలతో, ఎండను ఒంటికంతా పట్టించుకుంటూ చుట్టలుగా పడుకుని ఉంది. వెడల్పాటి తల పైచుట్ట మీద ఆనించి ఉంది. తోక చివరి గిలక, పాత గుండీలు గుచ్చిన దండలా, పక్కకి వాలి ఉంది. బంగారు కళ్ళలో నిలువు గీతలు. అతనికీ దానికీ మధ్య ఒక మంచమంత దూరం.

ఇంక ఆ మహాసంగ్రామాన్ని వర్ణించవలసిన బాధ్యత ఉంది. పాము కదల్లేదు. వెండెల్ కదల్లేదు. పాము ఒకసారి నాలుక చాచింది. వెండెల్ ఒకసారి గుటక వేశాడు. కొక్కెం కర్ర అనే దివ్యాస్త్రం చేతిలోంచి జారి గడ్డిలో పడితే పాము దానివైపు కూడా చూడలేదు. ఉభయపక్షాలూ ఇలా భీకరంగా ఏమీ చేయకుండా కొంతసేపు నిలిచిన మీదట, ఎండ చాలనుకున్నదో, ఇతని ముఖం చాలనుకున్నదో, ఆ నల్లని రాణి చుట్ట వెంట చుట్ట విప్పుకుంటూ, తొందర లేకుండా, గిలక మోగించేపాటి గౌరవం కూడా ఇవ్వకుండా, రాతికిందికి జారిపోయింది. చివరికి గిలక కూడా లోపలికి వెళ్ళింది.

వెండెల్ వచ్చి ఆర్డిత్ పక్కన కూర్చున్నాడు.

"చూశావా?" అన్నాడు.

"చూశా. చాలా అందంగా ఉంది."

"అవును కదూ? నేనెప్పుడూ అనుకోలేదు, అంత..." అతనికి దాహమేసింది. ఆమె సీసా అందించింది. అతడు మూత తిప్పి తీశాడు. తాగబోయి ఆగాడు. చేతిలోని మూతను చూశాడు. భార్యను చూశాడు. ఆర్డిత్ లోయ అవతలి పొలాలను మహాశ్రద్ధగా పరిశీలిస్తున్నది. అతడు టీ తాగి, మూత బిగించి, ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాడు.

అప్పుడు మెర్ల్ దిగివచ్చాడు. "ఏమిటిలా కూర్చున్నారు, ఎవరైనా పోయారా?"

"పాము," అన్నాడు వెండెల్.

"ఏదీ?"

"వెళ్ళిపోయింది."

మెర్ల్ రాతిని చూశాడు, బావను చూశాడు, ఆకాశంకేసి చూశాడు. "సరే బావా. వెళ్ళిపోయింది. అలాగే అనుకుందాం."

ఫైర్ స్టేషన్ వెనక మైదానంలో పొడుగాటి బల్లలు వేశారు. పొగ, వెనిగర్ వాసన, అరిటాకంత కాగితపు పళ్ళేలలో సగం సగం కోళ్ళు. ఊరంతా అక్కడే ఉంది. మెర్ల్ ఇంకా కూర్చోకముందే మొదలుపెట్టాడు: "వినండర్రా! మా బావకి ఈ రోజు ఆరు కాళ్ళ పాము కనబడింది. తర్వాత ఇంకోటి కూడా కనబడిందట, నేను రాగానే మాయమైపోయింది!" బల్లలన్నీ గొల్లుమన్నాయి. గ్లెండా కళ్ళు తుడుచుకుంది.

వెండెల్ లేచాడు. ఈ ఘడియ కోసం అతడు ఏళ్ళ తరబడి ఒక ప్రసంగం సిద్ధం చేసుకున్నాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ చేత్తో పాము పొడుగు చూపించాలో అన్నీ తెలుసు. దీన్ని అందుకోవడానికి కథకుడు కూడా సమాసాలు నూరి సిద్ధంగా ఉన్నాడు. వీరుడు గొంతు సవరించుకున్నాడు.

"ఆర్డిత్ కనిపెట్టింది," అన్నాడు. "నల్లది. తర్వాత నాకు చూపించింది." కూర్చుని కోడి తినసాగాడు.

కథకుడికి ఇంతకు మించిన ద్రోహం ఉండదు. కానీ నవ్వులు ఆగాయి. ఆ బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళలో సగం మందికి బడిలో ఆర్డిత్ తన చేతులతో భోజనం పెట్టింది. ఒక్కరికైనా ఒక గరిటె ఎక్కువ వేసిందీ లేదు, ఒక్క మాట కల్పించి చెప్పిందీ లేదు. అందరూ ఆమెవైపు తిరిగారు. ఆర్డిత్ తల ఊపింది. అంతే. మెర్ల్‌కి నోట్లోని ముక్క మింగడానికి చాలాసేపు పట్టింది.

"నల్లదా?" అన్నాడు, చిన్నగా. "నల్లది నేనెప్పుడూ చూడలేదే."

బల్ల మీది సందడి మళ్ళీ మొదలయ్యాక ఆర్డిత్ మొగుడివైపు వంగింది. "నువ్వే కనిపెట్టావని చెప్పి ఉండొచ్చుగా."

"చెప్పొచ్చు."

"మరి?"

"నేను చెప్తే ఎవరు నమ్ముతారే?"

ఆర్డిత్ నవ్వింది. పొద్దున్నుంచి దాచిపెట్టుకున్న నవ్వంతా ఒక్కసారి బయటపడి, ఆమె బల్ల పట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వింది.

కనుక సర్వజనులకూ తెలియజేయడమేమనగా: డ్రెషర్ కొండ మీది ఆ మహాహవంలో, ఇరుపక్షాలా ప్రాణనష్టం లేదు, గాయాలు లేవు, ఒక కాలితొడుగు జిప్పు మాత్రం వీరమరణం పొందింది. వెండెల్ హాస్టెటర్, శత్రువును ఒక మంచమంత దూరంలో, పారిపోకుండా, ఒకరు చూపించగా, చూశాడు. విజయం సంపూర్ణం. ఓడిపోయిన సంగతి ఇంకా తెలియని ప్రతిపక్షం, తన రాతి కింద, కడుపునిండా పిల్లలతో హాయిగా నిద్రపోతున్నది.