లైల్‌ని మంచె దించిన వైనం

లైల్ చెట్టు మీదనుంచి పడి మతి పోగొట్టుకున్నాడట. సొంత అత్తగారి పేరే మర్చిపోయాడట. ఇదంతా బెర్నడీన్ చర్చి వంటగదిలో బంగాళాదుంపలు చెక్కుతూ చెప్పిందని మా ఆవిడ వచ్చి చెప్పింది. బెర్నడీన్‌కి వాళ్ళ మరిది చెప్పాడట. ఆ మరిదికి ఎవరు చెప్పారో దేవుడికే ఎరుక. ఇందులో నిజం ఆవగింజంత లేదు. లైల్ పడలేదు, అతని మతి ఎక్కడికీ పోలేదు. ఇక ఆర్డిస్‌ని మర్చిపోగల అల్లుడు మా విస్కాన్సిన్‌లో ఇంకా పుట్టలేదు. మనిషిని ఇంత అన్యాయంగా ఆడిపోసుకుంటుంటే చూస్తూ ఊరుకోలేక, జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

అది నవంబరులో జింకల వేట మొదలయ్యే శనివారం. మా వైపు ఆ రోజున పెళ్ళి పెట్టుకున్నవాణ్ణి సొంత తమ్ముడు కూడా క్షమించడు. లైల్ అనుకున్నది చాలా మామూలు సంగతి. తెల్లవారకముందే లేవడం, కాఫీ తాగడం, మంచులో నడిచి వెళ్ళి మామగారి మంచె ఎక్కడం, జింకని కొట్టి మధ్యాహ్నానికి ఇల్లు చేరడం. మామగారు క్లిఫర్డ్ పోయాక ఆ మంచె మీద ఇద్దరి కన్ను పడింది. ఒకడు అల్లుడు లైల్, ఇంకొకడు కొడుకు గ్లెన్. దేవదారు చెట్ల మడుగు పక్కన, ఆ అడవి మొత్తానికి అంతకన్నా మంచి చోటు లేదు. భూమి మాత్రం అత్తగారిది. ఆర్డిస్ ముందురోజే తీర్పు చెప్పేసింది.

"ఈ ఏడు లైల్ కూర్చుంటాడు. గురి తప్పాడా, చొక్కా తోక గోడకి, మంచె గ్లెన్‌కి."

వేటలో గురి తప్పినవాడి చొక్కా వెనక చెంగు కత్తిరించి గోడకి మేకు కొట్టడం మా ఆచారం. ఆర్డిస్ ఇంటి గోడ మీద మూడు తరాల సిగ్గు వేలాడుతూ ఉంటుంది.

"మంచి చొక్కా వేసుకొచ్చావేం బావా? పాపం మా అక్క కొనిచ్చినట్టుందే," అన్నాడు గ్లెన్ పొద్దున్నే, కాఫీ ఊదుకుంటూ.

"నీ చొక్కా సంగతి చూసుకో."

"నాది ఎప్పుడో పొట్టిదైపోయింది. ఇంక కత్తిరించడానికి ఏముంది?"

మంచె మీద తినడానికి లైల్ తాజా చీజ్ ముక్కలు తెచ్చుకున్నాడు. నమిలితే పళ్ళ కింద కిచకిచమనాలి. అనలేదంటే అది నిన్నటి సరుకని మేం ముట్టుకోం. చలికి ఆ కిచకిచ చచ్చిపోతుందని లైల్ పొట్లాన్ని చొక్కా లోపల, పొట్టకి ఆనించి వెచ్చగా దాచుకున్నాడు. తెల్లవారింది. ఒక ముక్క నోట్లో వేసుకున్నాడో లేదో, దేవదారుల్లోంచి పెద్ద కొమ్ముల జింక బయటికొచ్చింది. మింగుదామంటే ముక్క పెద్దది. ఉమ్ముదామంటే చప్పుడవుతుంది. మెల్లిగా, ఒక్కసారి నమిలాడు.

కిచ్.

జింక తలెత్తింది. ముందుకాలు నేలకేసి కొట్టింది. బుస్సుమని, తెల్లతోక పైకెత్తి, చెట్లలో కలిసిపోయింది.

లైల్‌కి ఒళ్ళు మండిపోయింది. "చీజ్ చప్పుడుకి పారిపోతావా? విస్కాన్సిన్ జింకవేనా నువ్వు?" అని పళ్ళ మధ్యే తిట్టాడు. అప్పుడు మామగారి మాట గుర్తొచ్చింది. "జింక బెదిరిందని నువ్వు బెదరకు. నీ వాసన పట్టి పారిపోతే ఇంటికొచ్చి పడుకో. చప్పుడు విని పారిపోతే మాత్రం కదలకు. విన్నది ఏమిటో తేల్చుకోకపోతే దానికి నిద్రపట్టదు, తిరిగొస్తుంది. దాని ఆరా కన్నా నీ పిర్రలు గట్టివైతే అది నీదే," అనేవాడు క్లిఫర్డ్. లైల్ ఫోను ఆపేసి, రాయిలా కూర్చున్నాడు. టోపీ మీద మంచు పేరుకుంది. ఒక పిట్ట వచ్చి తుపాకీ గొట్టం మీద వాలి, ఇదేదో ఎండుకొమ్మ అనుకుని, తీరిగ్గా రెట్ట వేసి ఎగిరిపోయింది. అదీ సహించాడు.

మామగారి మాట పొల్లుపోలేదు. జింక తిరిగొచ్చింది. లైల్ వేళ్ళు కొయ్యబారి ఉన్నాయి. పేల్చాడు, తప్పింది. చప్పుడు ఎటునుంచి వచ్చిందో తెలియక జింక అక్కడే నిలబడింది. నేర్పినట్టే ఊపిరి నిండా తీసుకుని, వదిలి, మళ్ళీ పేల్చాడు. తప్పింది. ఊపిరి తీసుకుని, వదిలి, మూడోసారి పేల్చాడు. ఆ మూడోదాంతో జింకకి విషయం అర్థమై వెళ్ళిపోయింది.

చిక్కంతా ఆ ఊపిరి తీసుకోవడంలోనే ఉంది. మా అడవుల్లో ఒక తూటా మోగితే జింక పడిందని అర్థం. రెండు మోగితే పడ్డది లేచిందని అర్థం. సమానమైన ఎడంతో మూడు మోగితే మాత్రం, ఆపదలో ఉన్నాను, ఎక్కడివాళ్ళక్కడ వదిలేసి రండి అని. ఇది మా పిల్లలు అక్షరాల కన్నా ముందు నేర్చుకునే పాఠం. లైల్‌కీ తెలుసు. కానీ తప్పినవాడికి తన తూటాలు తప్పినట్టు వినపడతాయిగాని, పాఠంలా వినపడవు కదా.

పైగా ఈసారీ జింక చప్పుడుకే బెదిరింది. అంటే మళ్ళీ వస్తుంది. లైల్ మళ్ళీ రాయైపోయాడు. మూడు తూటాలూ విన్న గ్లెన్ ఫోను చేశాడు, మోగలేదు. ఇంకోసారి చేశాడు. తర్వాత తల్లికి చేశాడు, ఆవిడ ఊరి ఫైరింజనుకి చేసింది. పెట్రోలు బంకు నడుపుతూ ఫైరింజను పెత్తనం కూడా చూసే కర్టిస్ సైరను మోగించుకుంటూ వచ్చాడు. చుట్టుపక్కల మంచెల మీద ఉన్నవాళ్ళందరూ దిగి వచ్చారు. మంచులో పడి ఉన్న మనిషి కళ్ళబడకుండా పోకూడదని వరసగా నిలబడి, లైల్ పేరు పెట్టి అరుచుకుంటూ అడవినంతా జల్లెడ పట్టారు.

మంచె మీద లైల్ ఈ రభస విని మండిపడ్డాడు. వేటగాళ్ళ నారింజరంగు కోట్లు దగ్గరికి రాగానే, "అడవి మీ అబ్బదనుకున్నారా?" అని అరవబోయాడు. ముందు నడుస్తున్నది గ్లెన్ అనీ, అడవి నిజంగానే వాడి అబ్బదనీ గుర్తొచ్చి మింగేశాడు.

"బావా, బతికే ఉన్నావా?"

"నాకేం, నిక్షేపంలా ఉన్నాను. మీరెందుకొచ్చారు?"

"మరి మూడు తూటాలు ఎందుకు పేల్చావు?"

లైల్ నోరు తెరిచాడు. నిజం చెబితే మంచె పోతుంది. తెరిచిన నోరు మూసుకున్నాడు.

"చూశావా, జవాబు అందడం లేదు. తలకి తగిలింది," అన్నాడు కర్టిస్ గ్లెన్‌తో, గొంతు తగ్గించి.

"నా తలకేం తగల్లేదు."

"తలకి తగిలినవాళ్ళు మొట్టమొదట అనే మాట అదే." కర్టిస్ ఆ ఎండాకాలమే ప్రథమ చికిత్స నేర్చుకుని వచ్చాడు. అప్పటినుంచి ఊళ్ళో ఒక్కడు కూడా దెబ్బ తగిలించుకోలేదు. చేతికందిన మొదటి రోగిని వదులుతాడా? "లైల్, నిదానంగా ఆలోచించి చెప్పు. మీ అత్తగారి పేరేంటి?"

"దాంతో నీకేం పని?"

"అత్తగారి పేరు కూడా పోయింది," అన్నాడు కర్టిస్, వెనకున్నవాళ్ళకి వినపడేలా. ఆ వెనకున్నవాళ్ళలోనే బెర్నడీన్ మరిది ఉన్నాడు.

లైల్ దిగి నడుస్తానన్నాడు, ఎవరూ వినలేదు. తిట్టాడు. కోపం కూడా లక్షణమేనన్నారు. మంచె దించి, మెడకి పట్టీ వేసి, చెక్క మీద పడుకోబెట్టి, కాళ్ళూ చేతులూ బిగించి, మంచు మీద జారే బండికి కట్టేసి లాక్కుపోయారు. ఆకాశం తప్ప ఏమీ కనపడని లైల్, వేటకొచ్చి, కొట్టిన జింకలా తిరిగి వెళ్తున్నందుకు దారి పొడుగునా పళ్ళు నూరాడు. ఇల్లు దగ్గరపడుతుండగా, ఒకే ఒక్క తూటా మోగింది.

వెళ్ళి చూస్తే, పెరట్లో బట్టల తీగ అవతల, చెరువు గట్టున కొమ్ముల జింక పడి ఉంది. నడుముకి కట్టుకున్న వంట గుడ్డ మీదే నారింజరంగు కోటు తొడుక్కున్న ఆర్డిస్ తుపాకీ గోడకి ఆనిస్తోంది. అంతమంది వరసకట్టి అరుచుకుంటూ వస్తుంటే అడవిలో ఉన్న జింకలన్నీ ఇంటి వైపే కదా పరుగెత్తేది.

వంటింట్లో జింక గుండెకాయ ఉల్లిపాయలతో వెన్నలో వేగుతోంది. వచ్చినవాళ్ళందరూ పళ్ళేలు పట్టుకుని నిలబడ్డారు. లైల్‌కి కాళ్ళూ చేతులూ విప్పారుగాని, మెడపట్టీతోనే సోఫా మీద పడుకోబెట్టారు. పళ్ళెం ఎవరూ ఇవ్వలేదు. రోగికి వేపుడు పెట్టకూడదట.

"పట్నం ఆసుపత్రికి చెబుతున్నాను. హెలికాప్టరు పంపమంటాను," అన్నాడు కర్టిస్ ఫోను తీస్తూ.

లైల్ మెడపట్టీ పీకి అవతల పారేశాడు.

"తప్పాను. చాలా? గురి పెట్టి, ఊపిరి తీసుకుని వదిలి, మూడుసార్లూ తప్పాను. నా తల బాగానే ఉంది. నా చేతులే బాగాలేవు."

కర్టిస్ మొహం వాడిపోయింది. గ్లెన్ మొహం వికసించింది. "అమ్మా, కత్తెర ఎక్కడుంది?"

"కత్తెరా?" లైల్ లేచాడు. "నేను ఒక జింకని బెదరగొట్టాను. నువ్వు సైరన్లు పెట్టి అడవి మొత్తం బెదరగొట్టావు. దానికి గోడ మీద మేకు లేదా?"

"నీ ప్రాణం పోతోందని వచ్చాను బావా."

"నా ప్రాణం నా దగ్గరే ఉంది. అది మళ్ళీ వచ్చేది. ఇంకాసేపు మీరు రాకపోతే కచ్చితంగా వచ్చేది."

"వస్తే నాలుగోసారి తప్పేవాడివి. మాటంటే మాటే. మంచె నాది."

"మీ మంచె గొడవ ఆపండి," అంది ఆర్డిస్ మూకుడు దించుతూ. "కర్టిస్, కత్తెర ఆ సొరుగులో ఉంది. లైల్ చొక్కా కత్తిరించు. మంచె మాత్రం ఇద్దరికీ లేదు. ఇకనుంచి నాది."

గ్లెన్ నోరు వెళ్ళబెట్టాడు. "ఆ మోకాళ్ళతో అంత దూరం నడిచి ఎలా ఎక్కుతావమ్మా?"

"నేనెందుకు నడుస్తాను? విప్పి తెచ్చి నా వంటింటి వెనకాల పెట్టండి. మీరిద్దరూ అడవిలో పోట్లాడుకుంటూ తిరగండి. జింకలు వాటంతటవే నా దగ్గరికొస్తాయి."